హిజ్కియా పగలగొట్టింది తన వాళ్ల సర్పాన్ని

విజయవాడలో గుణదల మరియమాత తిరునాళ్లు జరిగే ఫిబ్రవరి రోజుల్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. కొండ మెట్ల దగ్గర ఒక యువ బోధకుడు ఫోను ఎత్తిపట్టుకుని, కొబ్బరికాయతో పైకి వెళ్తున్న ముసలమ్మను ఆపి, "అమ్మా, ఆ బొమ్మ ఎప్పుడైనా నీతో మాట్లాడిందా?" అని అడుగుతున్నాడు. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "మా పిల్లవాడు లేచి తిరుగుతున్నాడయ్యా, మొక్కు ఉంది" అని, దారి ఇమ్మన్నట్టు చెయ్యి చూపింది. అతను ఆమెను వదిలి ఫోను తనవైపు తిప్పుకుని యెషయా గ్రంథం 44వ అధ్యాయం చదవడం మొదలుపెట్టాడు. ఒక మొద్దులో సగం పొయ్యిలో పెట్టి, మిగతా సగాన్ని దేవుడని మొక్కేవాడి గురించిన మాటలవి. వీడియో కింద మా వాళ్లు వరసగా "ఆమేన్" పెట్టారు. ఆ గ్రూపులోనే మా పిన్ని కూడా ఉంది. ఫిరంగిపురం వైపు ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక కుటుంబానికి కోడలిగా వెళ్లి, ఏటా అదే కొండ ఎక్కే మనిషి. ఆమె ఉందన్న సంగతి మా వాళ్లకు గుర్తు రాలేదో, గుర్తొచ్చినా పట్టించుకోలేదో తెలియదు.

నేను బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. మరియమ్మకు ప్రార్థన చేయను, ఇకముందూ చేయను. విగ్రహం చేసుకోవద్దన్న ఆజ్ఞ దేవుని మాటేనని నమ్ముతాను. గుణదలను సమర్థించడానికి ఇది రాయడం లేదు. నా బాధ వేరు. విగ్రహారాధన అనే పాపాన్ని మనం పక్కింటివాళ్ల పాపంగా మార్చేశాం. మన ఇంట్లో అది ఏ రూపంలో ఉందో వెతకడం మానేశాం. బైబిలులో విగ్రహాలు పగలగొట్టినవాళ్ల కథలు జాగ్రత్తగా చదివితే, దేవుడు మెచ్చుకున్నవాళ్లు ముందు తమ ఇంట్లోది పగలగొట్టారని తెలుస్తుంది.

సర్పం కథ చివరిదాకా

సంఖ్యాకాండము 21వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు అరణ్యంలో పాముకాట్లకు చనిపోతున్నప్పుడు, సర్పం రూపం చేసి స్తంభం మీద పెట్టమని మోషేకు చెప్పింది దేవుడే. ఏ రూపమూ చేసుకోవద్దని సీనాయి కొండ మీద ఆజ్ఞ ఇచ్చిన దేవుడే ఈ రూపం చేయించాడు. ఆజ్ఞల పలకలు దాచిన మందసం మీద బంగారు కెరూబులను, అంటే రెక్కల దూతల రూపాలను పెట్టమన్నదీ ఆయనే. ఆ ఇత్తడి సర్పాన్ని చూసినవాళ్లు బతికారు. తర్వాత అది వందల ఏళ్లు భద్రంగా ఉండిపోయింది. రాజులు రెండవ గ్రంథం 18వ అధ్యాయానికి వచ్చేసరికి జనం దానికి ధూపం వేస్తున్నారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు.

అదే లోహం, అదే ఆకారం, చేసిన చేతులు మోషేవి. మారింది జనానికి దానితో ఉన్న సంబంధం. ఒక వస్తువు విగ్రహం అవునో కాదో దాని ఆకారాన్ని బట్టి చెప్పలేమనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. హిజ్కియా దాన్ని పగలగొట్టాక కూడా, యేసు నీకొదేము అనే యూదుల పెద్దతో మాట్లాడుతూ తాను సిలువపైకి ఎత్తబడటాన్ని ఆ సర్పంతోనే పోల్చాడు. దాని తొలి అర్థం అలాగే నిలిచి ఉందన్నమాట.

బోధకులు ఈ కథ చెప్పేటప్పుడు పగలగొట్టడం మీద ఆగుతారు. ఎవరు, ఎవరిది పగలగొట్టారన్న దగ్గర ఆగరు. హిజ్కియా యూదా రాజు. పగలగొట్టింది యూదా ప్రజల సొత్తు, మోషే పేరు మీద తరతరాలుగా దాచుకున్నది. ఊళ్లో అందరూ పవిత్రమనుకునే దానిమీద చెయ్యి వేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పరాయివాళ్ల దేవతను తిట్టడానికి అందులో పదోవంతు కూడా అక్కర్లేదు.

గిద్యోను కథ నన్ను ఇంకా ఎక్కువగా వెంటాడుతుంది. అతను రాత్రిపూట వెళ్లి తన తండ్రికి చెందిన, బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని పడగొట్టాడు. మన ఆదివారపు బడిలో పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. రెండు అధ్యాయాల తర్వాత జరిగింది చాలామంది పెద్దలకు కూడా తెలియదు. యుద్ధం గెలిచాక అతను జనం దగ్గర బంగారు పోగులు అడిగి తీసుకుని, వాటితో ఒక ఏఫోదు చేయించి, తన ఊరైన ఒఫ్రాలో పెట్టాడు. ఏఫోదు విగ్రహం కాదు, యాజకుడు ధరించేది. తప్పు పట్టడానికి వీలులేని వస్తువు. అదే అతనికీ అతని ఇంటివాళ్లకూ ఉరి అయిందని న్యాయాధిపతుల గ్రంథం చెబుతుంది. బయలు బలిపీఠాన్ని కూల్చిన మనిషి ఇంట్లోనే ఇది జరిగింది. నాకు తెలిసి మన సంఘాలకు ఇంతకన్నా దగ్గరి కథ మరొకటి లేదు.

బొమ్మను వదలడం మా పెద్దలకు ఏమిటి

ఇక్కడ నా మాటకు ఎదురుగా నేనే ఒక వాదన పెట్టాలి. "బొమ్మలకు మొక్కము" అన్న మాట మా పూర్వీకుల నోట ఊరికే వచ్చింది కాదు.

ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో పని మొదలుపెట్టినప్పుడు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు ప్రధానంగా చెప్పినవి మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. యర్రగుంట్ల పేరయ్య వంటి వాళ్లు ఊరూరా తిరిగి చెప్పగా వచ్చినవాళ్లు. 1876-78 నాటి కరువు ముగిసే వేళ, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మా సంఘాల్లో పిల్లలు కూడా అప్పజెబుతారు.

ఆ మూడు మాటల బరువు పల్లెలో పుట్టినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఊరి అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం మాదిగల ఇష్టం మీద ఉన్న పని కాదు, అది వెట్టి. గుడిలోకి రానివ్వని దేవత కోసం వీధుల్లో డప్పు కొట్టాలి. ఇక డప్పు కొట్టబోమన్నవాళ్ల మీద ఊరి పెద్దలు పగబట్టారు, పనులు మాన్పించారు, నీళ్లు ఆపారు. "నేను అమ్మవారికి మొక్కను" అని అప్పుడొక మాదిగ అన్నాడంటే, "నేను ఇక మీ వెట్టికి రాను" అన్నట్టే. మా సంఘంలో బొమ్మ అంటే ఇప్పటికీ ఒళ్లు జలదరించడానికి కారణం ఆ జ్ఞాపకమే. దాన్ని సంకుచితత్వం అని కొట్టిపారేసేవాళ్లు ఆ చరిత్ర ఒకసారి తెలుసుకోవాలి.

పిన్ని అత్తగారి వైపు చరిత్ర ఇలా లేదు. వాళ్లది 18వ శతాబ్దంలో జెస్విట్ ఫాదర్ల కాలంలోనే క్రైస్తవులైన రైతు కుటుంబం. భూమి ఉంది, ఊళ్లో మాట ఉంది. మతం మారినా ఊరితో తెగతెంపులు చేసుకోవలసిన అవసరం వాళ్లకు రాలేదు. అందుకే తేరు, ఊరేగింపు, తలనీలాలు, కొబ్బరికాయ అన్నీ కొత్త విశ్వాసంలోకి వాళ్లతోపాటే నడిచి వచ్చాయి. ఆర్‌సీఎం వాళ్లకూ మనకూ మధ్య జరిగే వాదనను మనం వాక్యం మీద వాదన అనుకుంటాం. దాని అడుగున ఎవరికి ఊరిని వదులుకోవలసి వచ్చింది, ఎవరికి రాలేదు అన్న కులం లెక్క ఉంది. దళిత కథోలికులు కూడా లక్షల్లో ఉన్నారు కాబట్టి ఈ లెక్క పూర్తిగా సరిపోదని నాకు తెలుసు. అయినా మా రెండు కుటుంబాల మధ్య నేను చూసినంతవరకు ఇది నిజం.

పిన్ని చెప్పింది

వీడియో వచ్చిన కొన్నాళ్లకు పిన్ని దగ్గరికి వెళ్లాను. దాని సంగతి ఆమె ఎత్తలేదు, నేనే ఎత్తాను.

"ఆ స్వరూపం సున్నమూ సిమెంటూ అని నాకు తెలియదనుకున్నాడా ఆ అబ్బాయి? మా గుడిలో మాతకు రంగు వెలిసిపోతే, రంగు వేయించడానికి ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసింది నేనే. వేలు విరిగితే అతికించడానికి మేస్త్రీకి నీళ్లు మోసిందీ నేనే. దేవుడికి ఎవరైనా వేలు అతికిస్తారా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అంది.

ఆమె చేతిలో జపమాల ఉంది. బాబాయి ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు కూడా అదే. గింజలు ఒరుసుకుని ఒకవైపు నునుపుతేలాయి, దారం తెగి ఒకచోట ముడి పడింది. లోపలికి రానివ్వని గాజు తలుపు బయట కూర్చుని, మాటలు రానప్పుడు వేళ్లతో ప్రార్థన చేశానని చెప్పింది. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు, వెతకాలనీ అనిపించలేదు.

పిన్ని తన భాషలో చెప్పింది పాత వాదనే. 8వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి మూడవ లియో పటాలను తీసేయమన్నప్పుడు, అతని చేతికి అందని ఖలీఫాల రాజ్యంలో ఉన్న దమస్కు యోహాను అనే సన్యాసి దీన్నే రాశాడు. దేవుడు కంటికి కనబడనంత కాలం ఆయనను చిత్రించడం తప్పే. ఆయనే శరీరధారి అయి మనుషుల మధ్య తిరిగాక, ఆ ముఖాన్ని చిత్రించడం ఆ రాకను ఒప్పుకోవడమే అన్నాడు. 787లో నికేయాలో కూడిన రెండవ మహాసభ దాన్ని ఖాయం చేసింది. ఆరాధన దేవునికి మాత్రమే, పటానికి ఇచ్చే గౌరవం ఆ పటంలోని వ్యక్తికే చేరుతుంది అని తీర్మానించింది. గొడవ మళ్లీ రేగి 843లో గానీ సద్దుమణగలేదు. మనవాళ్లు కథోలికులు వాక్యం చదవరని తేలిగ్గా అనేస్తారు. ఈ విషయం మీద వాళ్లు నూరేళ్లకు పైగా కొట్లాడుకుని, దెబ్బలు తిని, ఆలోచించి ఒక మాటకు వచ్చారు.

నాకు చిక్కు ఇక్కడే వచ్చింది. పిన్ని మాట ఒప్పుకుంటే, మా పక్క ఫ్లాటులో ఉండే హిందూ స్నేహితురాలి మాటా ఒప్పుకోవాలి. ఆమె కూడా, "రాయికి మొక్కుతున్నానని నేనెప్పుడు అన్నాను? ఆవాహన చేసినప్పుడే అక్కడ దేవుడు, నిమజ్జనం చేశాక అది మట్టే కదా" అంటుంది. వినాయక చవితి తర్వాత ఆ విగ్రహాన్ని నీళ్లలో కలిపేవాళ్లకు అది మట్టి అని మనం కొత్తగా చెప్పాలా? ఈ చిక్కు నుంచి తప్పించుకోవడానికి చాలా దారులు వెతికాను. నిజాయితీగా ఆలోచిస్తే, "వాళ్లు రాళ్లకు మొక్కుతారు" అన్న మాట నేను ఇక అనలేను. ఆమె ఎవరికి మొక్కుతుందో ఆయన ప్రభువని నేను ఒప్పుకోను. మా ఇద్దరి మధ్య తేడా అదే, అది చిన్న తేడా కాదు. ఆ తేడాను రాయి మీదికి నెట్టి గెలిచామనుకోవడం మాత్రం అబద్ధ సాక్ష్యం. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించినది కూడా ఉంది.

"మరి యెషయా ఎగతాళి చేయలేదా?" అని అడుగుతారు. చేశాడు. అయితే ఆ మాటలు విన్నవాళ్లు బబులోనులో చెరలో ఉన్నవాళ్లు. తమను ఓడించి, గుడి తగలబెట్టి, సంకెళ్లు వేసి తెచ్చినవాళ్ల దేవుళ్లను చూసి భయపడకండి అని చెరలో ఉన్నవాళ్లకు చెప్పిన మాటలు. వాటిని మొక్కు తీర్చుకోవడానికి వెళ్లే ముసలమ్మ ముఖం మీద విసరడం నాకు క్రూరంగా తోచింది.

ఒకే మేకు

మా ఇంట్లో ముందుగదిలో ఒక యేసు పటం ఉండేది. చికాగో చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో వేసిన ముఖం అది. గోధుమరంగు జుట్టు, పక్కకు తిరిగిన చూపు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో దాన్ని చూడనివాళ్లు ఉండరు. దానికి ఎవరూ దండ వేయలేదు, అగరుబత్తి వెలిగించలేదు. నేను చదువుకునే రోజుల్లో కూటాలకు వచ్చిన ఒక బోధకుడు అది విగ్రహమేనని గట్టిగా చెప్పడంతో నాన్న తీసేశారు. గోడ మీద తెల్లటి చతురస్రం, మధ్యలో మేకు మిగిలాయి. మరుసటి జనవరిలో ఆ మేకుకు ఒక పరిచర్యవాళ్లు పంచిన క్యాలెండరు వేలాడింది. అందులో పైన వాక్యం, కింద సూటు వేసుకున్న దైవజనుడూ, పట్టుచీర కట్టుకున్న ఆయన భార్యా. పన్నెండు నెలలకూ పన్నెండు ఫోటోలు. అప్పటి నుంచి ఆ మేకు ఖాళీగా లేదు.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. ఏ కూడలికి వెళ్లినా కూటాల ఫ్లెక్సీల మీద ప్రభువు పేరు ఎంత, మనిషి ముఖం ఎంత? 1524లో జ్యూరిక్ నగరంలో తలుపులు మూసి గుడుల్లోని బొమ్మలన్నీ తీయించి, గోడలకు తెల్లసున్నం కొట్టించారు. ఆ గోడల ముందు ఇక మిగిలేది ప్రసంగ వేదికా, దాని మీద నిలబడే మనిషీ. ప్రొటెస్టెంటు సంస్కర్తలు వాక్యం వినబడాలని అలా చేశారు, ఉద్దేశం గొప్పది. కానీ కంటికి చూడటం అలవాటు. చూడటానికి మరేమీ లేనప్పుడు అది నిలబడినవాణ్ని చూస్తుంది.

జర్మనీ సంస్కర్త లూథర్ ఈ ప్రమాదాన్ని పసిగట్టాడని నా నమ్మకం. 1522 మార్చిలో, విట్టెన్‌బర్గ్‌లో బొమ్మలు విరగ్గొట్టే ఊపు నడుస్తుండగా దాక్కున్న కోటలోంచి తిరిగి వచ్చి, వరసగా ఎనిమిది రోజులు ప్రసంగించాడు. జనం సూర్యచంద్రులకు మొక్కుతారని వాటిని ఆకాశంలోంచి పీకేస్తామా అని అడిగాడు. ముందు మనసులోంచి పోవాలి, చేతి పని తర్వాత అన్నాడు. గుంటూరు వైపు లూథరన్ చర్చీల్లో బలిపీఠం మీద కొవ్వొత్తులూ సిలువా ఇప్పటికీ ఉండటం ఆ వారసత్వమే. మెదక్ చర్చి సంగతి చూడండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ మెథడిస్టు కట్టడంలో యేసు జననం, సిలువ, ఆరోహణం రంగు గాజుల మీద నిలువెత్తున ఉన్నాయి. గుణదల కొండ మీద ఫాదర్ అర్లాటి మాత స్వరూపాన్ని పెట్టించిందీ 1924లోనే. మెదక్ వెళ్లి ఆ కిటికీల కింద నిలబడి చేతులు జోడించి వచ్చిన మా వాళ్లే గుణదల వీడియో కింద "ఆమేన్" పెట్టారు.

నూనె, చీటీ, హాల్ టికెట్టు

మా సంఘంలో కొన్నేళ్లుగా నెలకొకసారి "అభిషేక తైలం" సీసాలు ఇస్తున్నారు. బల్ల మీద వరసగా పేర్చి ఉంటాయి, పక్కన కానుక పెట్టె. కానుక ఇంత అని రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. ఆ నూనెను బియ్యం డబ్బా మీద, దుకాణం గల్లాపెట్టె మీద, వీసా కోసం పెట్టిన పాస్‌పోర్టు మీద రాస్తారు. ఇంటర్మీడియట్ పరీక్షల ముందు పిల్లల హాల్ టికెట్లు ప్రసంగ వేదిక మీద కట్టగా పెడతారు. ఒక తల్లి, తన కొడుకు హాల్ టికెట్టు కట్టలో అడుగున పడిందని ప్రార్థన మధ్యలో వచ్చి పైకి తీసి పెట్టింది. ఆమె ఆత్రం నాకు అర్థమవుతుంది, నేనూ తల్లినే. కానీ ఆ క్షణంలో ఆమె ప్రార్థన వినే దేవుణ్ని నమ్మిందా, కట్టలో స్థానాన్ని నమ్మిందా?

నూనెకు వాక్యాధారం ఉందంటారు. ఉంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో సంఘ పెద్దలు రోగి దగ్గరికి నడిచి వెళ్లి, నూనె రాసి ప్రార్థన చేయాలి. పెద్దలు వెళ్లడం కష్టమై సీసాను పంపడం మొదలుపెట్టాం. పౌలు చేతి రుమాళ్ల వల్ల రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉందంటారు. అదీ నిజమే. అయితే ఆ అధ్యాయాన్ని పన్నెండో వచనం దగ్గర మూసేస్తారు. ఆ వెంటనే స్కెవ అనే యూదు యాజకుడి కుమారులు యేసు పేరును మంత్రంలా వాడబోయి, దయ్యం పట్టినవాడి చేతిలో తన్నులు తిని, బట్టలు లేకుండా పారిపోయారు. అది చూసి భయపడిన ఎఫెసు విశ్వాసుల్లో చాలామంది మంత్రపు పుస్తకాలు తెచ్చి అందరిముందు కాల్చారు. వాటి విలువ 50,000 వెండి నాణేలు. అవి ఎవరి పుస్తకాలు? వాళ్లవే. ఆ ఊళ్లోనే అర్తెమి దేవి మహాలయం ఉన్నా, వాళ్లెవరూ దానిమీద రాయి వేయలేదు. అధ్యాయం చివర అల్లరిమూకను శాంతింపజేస్తూ ఎఫెసు కరణం ఏమన్నాడో చూడండి: ఈ మనుషులు గుడి దోచుకోలేదు, మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు. క్రైస్తవుల గురించి ఒక అన్యుడు అలా సాక్ష్యం చెప్పగలిగాడు. గుణదల మెట్ల దగ్గర ఆ ముసలమ్మ మన గురించి అలాంటి సాక్ష్యం చెప్పగలదా?

డిసెంబరు 31 రాత్రి వాగ్దానపు చీటీలు తీయడం కూడా ఇలాంటిదే. ఒక ఏడు నా ముందు వరసలో పదేళ్ల పాప పళ్లెంలోంచి చీటీ తీసింది. యోహాను 16:33. లోకంలో మీకు శ్రమ కలుగుతుంది అని ఉంది, తర్వాత ధైర్యం తెచ్చుకోండి అని కూడా ఉంది. తల్లి మొదటి సగం చదివి ముఖం మాడ్చుకుని, చీటీ తిరిగి పళ్లెంలో వేసి, "ఇంకోటి తియ్యమ్మా" అంది. రెండోసారి యిర్మీయా 29:11 వచ్చింది, మేలు చేసే ఉద్దేశాల గురించినది. తల్లి సంతోషించి దాన్ని ఫోను కవరు వెనక పెట్టుకుంది. ఆ వచనానికి పైనున్న పదో వచనంలో ఆ మేలు రావడానికి బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. చీటీ మీద అంత చోటు లేదు.

నేను విగ్రహం అని దేన్ని అనుకుంటానో ఆ పళ్లెం ముందు నాకు స్పష్టమైంది. మనకు "కాదు" అని చెప్పే హక్కు దేవుడికి లేకుండా చేసే ఏ వస్తువైనా విగ్రహమే. ఇశ్రాయేలు యాజకుడు ఏలీ కొడుకులు మందసాన్ని యుద్ధభూమికి మోసుకుపోయింది అందుకే: అది వెంట ఉంటే దేవుడు గెలిపించక తప్పదని. ముప్పై వేలమంది చనిపోయారు, మందసం ఫిలిష్తీయుల పాలైంది. మందసం కన్నా పవిత్రమైన వస్తువు ఏ సంఘంలోనైనా ఉందా?

ఈ కొలతతో చూస్తే గుణదలలోనూ విగ్రహారాధన ఉంది. ఫలానాది ఇస్తే తలనీలాలు ఇస్తానన్న బేరం ఉన్నచోటల్లా ఉంది. 1563లో కథోలికుల ట్రెంటు మహాసభే పటాల్లో దైవశక్తి ఉందని నమ్మకూడదని, వాటి చుట్టూ మూఢనమ్మకాలూ డబ్బు సంపాదనా ఉండకూడదని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని తమ వాళ్లకు గుర్తుచేసే పని కథోలికులది. పిన్ని లాంటివాళ్లు చేస్తున్నారు కూడా. మా సీసాల పని మాది.

నానమ్మ బైబిలు

అయితే వస్తువులన్నీ వదిలేయాలా అంటే, నేను వదలలేను. మా నానమ్మకు చదువు రాదు. ఆమెకు ఒక బైబిలు ఉండేది, పసుపు తువ్వాలులో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకునేది. తెల్లవారుజామున తీసి, ఒళ్లో పెట్టుకుని, ఏదో ఒక పేజీ తెరిచి, అరచెయ్యి అక్షరాల మీద పరిచి కళ్లు మూసుకునేది. పొరపాటున మా కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోమనేది. బియ్యం గింజలు తొక్కినా అదే చేయమనేది. పేజీల అంచుల మీద ఆమె చేతి చెమట మరక ఉండేది. మనవలు బడికి వెళ్లడం మొదలయ్యాక అదే పుస్తకాన్ని మా చేతికిచ్చి, "ఇక్కడ చెయ్యి పెట్టాను, ఇక్కడ ఏముందో చదువు" అనేది. ఒకసారి యోబు గ్రంథంలో చావు కోరుకునే మాటలు వచ్చాయి. నేను పేజీ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపి, "అదే చదువు, ఆయన అదే చెప్పాలనుకున్నాడేమో" అంది.

కళ్లకద్దుకున్నది కాబట్టి నానమ్మ విగ్రహారాధకురాలా? క్రీ.శ. 600 ప్రాంతంలో, ఇప్పటి ఫ్రాన్సులోని మార్సెయ్ బిషప్ సెరెనుస్ తన గుడిలోని బొమ్మలు పగలగొట్టించినప్పుడు, పోపు గ్రెగొరీ అతనికి ఉత్తరం రాశాడు. బొమ్మలకు మొక్కనివ్వకపోవడం మంచిదే, పగలగొట్టడం మాత్రం మంచిది కాదు, చదువు రానివాళ్లు అక్షరాల్లో చదవలేనిది గోడల మీద చదువుకుంటారు అన్నాడు. నానమ్మ అరచేత్తో చదివింది. పిన్ని గింజలతో చదువుతుంది. నునుపుతేలిన ఆ జపమాల, చెమట మరక పడిన ఆ బైబిలు నా దృష్టిలో ఒకే జాతి వస్తువులు. అవి మనిషిని వినడానికి కూర్చోబెడతాయి. వాగ్దానపు చీటీ వినాల్సినది వినకుండా తప్పిస్తుంది, దాని మీద ఉన్నది దేవుని వాక్యమే అయినా.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మనవాళ్లు వస్తువుల మీద యుద్ధం ప్రకటించిన ప్రతిసారీ అది ఆడవాళ్ల ఒంటి మీదే ముగుస్తుంది. మా వదిన ఒక పెంతెకొస్తు సంఘంలో చేరినప్పుడు గాజులు, చెవి కమ్మలు, ఆఖరికి తాళి కూడా తీయించారు. పేతురు పత్రికలో నగల గురించి ఉందన్నారు. అదే వచనంలో వస్త్రాల మాట కూడా ఉంది, దైవజనుల సూట్ల గురించి ఎవరూ అడగలేదు.

సమావేశంలో

ఈ విషయాలు మా సంఘ సర్వసభ్య సమావేశంలో లేవనెత్తాను. ఆడవాళ్లు అక్కడ లేచి మాట్లాడటం అరుదు. రెండు అడిగాను: క్యాలెండరు మీద కాపరి గారి ఫోటో వద్దు, తైలం సీసాలు ఆపాలి. మొదటిదానికి పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. కాపరి గారు కాసేపు ఆగి, "నాకూ అది ఇబ్బందిగానే ఉంటుందమ్మా, తీసేద్దాం" అన్నారు. ఈ సంవత్సరం క్యాలెండరులో తేదీలూ వాక్యాలూ మాత్రమే ఉన్నాయి.

తైలం దగ్గర ఆగిపోయింది. సంఘంలో పెద్దాయన ఒకరు లేచి, "అమ్మాయ్, ఆ కానుకలతోనే కదా మనం విధవరాళ్లకు నెలనెలా బియ్యం ఇస్తున్నది. ఆపితే వాళ్ల పొయ్యి ఎలా వెలుగుతుంది?" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ బియ్యం అందుకునేవాళ్లు ఆ హాల్లోనే, వెనక వరసలో కూర్చుని ఉన్నారు. బియ్యం కోసం బియ్యం పేరు చెప్పే అడుగుదాం, నూనె పేరు చెప్పి వద్దు అన్నాను. అలా అడిగితే ఎవరూ ఇవ్వరని ఆయన అన్నారు. ఓటు పెట్టకుండా వాయిదా వేశారు.

ఆయన మాట నిజమైతే, సీసా లేకుండా విధవరాలికి బియ్యం ఇవ్వని సంఘం మాది అని ఒప్పుకోవాలి. అది నేను ఒప్పుకోదలచుకోలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను. బియ్యానికి వేరే చందా పుస్తకం తెరవమని, మొదటి పేజీలో నా పేరు రాసుకోమని కోశాధికారికి ఇప్పటికే చెప్పి వచ్చాను.